నాలుగు దీపస్తంభాలు, ఒక చామంతి మడి

సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజు రాత్రి మా మామయ్యగారు తోటలో పడిపోయారు. భోజనం చేశాక గేటు దాకా నడిచి రావడం ఆయనకు ఎన్నో ఏళ్ళుగా అలవాటు. హైదరాబాదు సైనిక్‌పురిలో మాది 600 గజాల స్థలం. వెనక సగంలో ఇల్లు, ముందంతా తోట. వరండా మెట్ల నుంచి గేటు వరకు 55 అడుగుల షాబాదు బండల బాట ఉంది. మామిడి చెట్టు దగ్గర అది వంపు తిరుగుతుంది. ఆ వంపులోనే ఒక మెట్టు దిగాలి. 82 ఏళ్ళ మనిషికి ఆ మెట్టు అంచు కనబడలేదు.

దేవుడి దయవల్ల ఎముకలేవీ విరగలేదు. మోకాలు చెక్కుకుపోయింది, మణికట్టు వాచింది. గాయం కడిగి మందు రాస్తుంటే, "వెలుతురు ఉందమ్మా, దారే కనబడలేదు" అన్నారు. ఆ మాట నన్ను రెండు రోజులు వదల్లేదు. ఎందుకంటే మా గేటు మీద అప్పటికే 50 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైటు ఉంది, తెల్లారే దాకా వెలుగుతూనే ఉంటుంది. వీధిలో అందరూ మా ఇంటిని ఆ లైటుతోనే గుర్తుపడతారు.

మూడో రోజు రాత్రి ఆయన నడిచే వేళకు నేను ఒక్కదాన్నే ఆ బాట మీద నడిచి చూశాను. వరండా దిగగానే ఎదురుగా తెల్లటి వెలుగు నేరుగా కళ్ళలోకి కొడుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకుంటే కాని కాళ్ళ దగ్గర ఏముందో తెలియలేదు. ఎదుటి వెలుగుకు కంటిపాప చిన్నదైపోతుంది, దాంతో నేల మీద ఉన్న కాస్త వెలుతురూ కంటికి అందదు. వయసు పెరిగేకొద్దీ ఈ ఇబ్బంది ఎక్కువవుతుంది. మామయ్యగారికి రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. అయినా ఎదురు వెలుగంటే ఆయనకు బాధే. దానికి తోడు మామిడి చెట్టు కొమ్మల నీడ సరిగ్గా ఆ మెట్టు మీదే పడుతోంది. ఆ చీకటిని తెచ్చిపెట్టింది మేము పెట్టిన లైటే.

ఇంకో ఫ్లడ్‌లైటు వరండా వైపు నుంచి కూడా పెడదామని మావారు అన్నారు. పుణేలో ఉన్న మా అబ్బాయి సోలార్ లైట్లు గుచ్చేయమని, తీగలూ తవ్వకాలూ ఏవీ అక్కర్లేదని చెప్పాడు. పక్కింటివారు రెండేళ్ళ కిందట అవే పెట్టారు. మొదటి వేసవి బాగా వెలిగాయి, వానాకాలం మబ్బుల్లో తొమ్మిదింటికే మినుకుమినుకుమన్నాయి, ఇప్పుడు అలంకారానికి మిగిలాయి. మా తోటలో పగలంతా మామిడి, జామ, పనస నీడే. నీడలో ఉన్న పలకకు ఎండ ఎక్కడినుంచి వస్తుంది? ఎండ ధారాళంగా పడే చోట్ల సోలార్ బాగానే పనిచేస్తుంది. మా తోట అలాంటిది కాదు.

జనవరి నెలాఖరున కోఠీలోని ట్రూప్ బజార్‌కు వెళ్ళాం. ఇల్లు కట్టుకునే వాళ్ళందరూ దీపాలకోసం, కుళాయిలకోసం ఒకసారైనా తొక్కే వీధి అది. మెట్లెక్కి ఒక దుకాణం పై అంతస్తుకు వెళితే అక్కడ పట్టపగలు మూడు వందల దీపాలు ఒకేసారి వెలుగుతున్నాయి. ట్యాంక్‌బండ్ మీద కనిపించే పాతకాలపు తరహా స్తంభాలు, మూడు కొమ్మలవి, రాజుల కోటలకు పెట్టే లాంతర్ల లాంటివి, సన్నటి నల్ల గొట్టాలు, మోకాలెత్తు పొట్టి స్తంభాలు. నిజం చెప్పాలంటే మూడు కొమ్మల స్తంభం నాకు చాలా నచ్చింది. దాని అడుగున పోత పోసిన తీగల అల్లిక మీద చెయ్యి వేసి అలా నిలబడిపోయాను.

దుకాణం ఆయన మాత్రం మంచి ప్రశ్న అడిగారు. ఎన్ని కావాలి, ఎంత ఎత్తు, వెలుగు ఎంతదూరం పడాలి? మా దగ్గర జవాబు లేదు. మూడు వందల దీపాల మధ్య ఒక దీపం ఎలా వెలుగుతుందో ఎవరు చెప్పగలరు? ఏమీ కొనకుండా నాలుగు రకాల బల్బులు మాత్రం తీసుకుని ఇంటికి వచ్చేశాం. ఈ పనిలో మేము చేసిన తెలివైన పని అదేనని ఇప్పటికీ అనుకుంటాను.

శివరాత్రికి వారం ముందు పరీక్ష మొదలుపెట్టాం. ఆ రోజులే ఎంచుకోవడానికి కారణం ఉంది. శివరాత్రి మర్నాడు అమావాస్య, ఆ వారమంతా తోటలో వెన్నెల ఉండదు. పున్నమి రోజుల్లో చూస్తే ఏ దీపమైనా చాలుననిపిస్తుంది. తోటమాలి నాలుగు వెదురు బొంగులు తెచ్చి ఇసుక నింపిన బకెట్లలో నిలబెట్టాడు. ఒక్కో బొంగుకు హోల్డరు కట్టి, వరండాలోని ప్లగ్గు నుంచి పొడవాటి ఎక్స్‌టెన్షన్ తీగ లాగాం. ఎండాకాలం మొదలవుతోంది, నేల పొడిగా ఉంది కాబట్టి ఈ పని చేయగలిగాం. వాన పడే రోజుల్లో ఇలాంటి తీగను నేల మీద పరవకూడదు.

మొదటి రాత్రి ఫ్లడ్‌లైటు ఆర్పేసి, 6500 కెల్విన్ తెల్ల బల్బులు పెట్టాం. కెల్విన్ అంటే వెలుగు రంగును చెప్పే అంకె. అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ నీలం కలిసిన తెలుపు. తెల్ల బల్బుల కింద జామాకులు బూడిద రంగులో, ప్లాస్టిక్ ఆకుల్లా కనిపించాయి. రెండో రాత్రి 2700 కెల్విన్ పసుపు బల్బులు మార్చగానే మామయ్యగారు వరండా కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "లాంతరు రోజుల్లో వెలుతురు ఇలాగే ఉండేది" అన్నారు. రంగు సంగతి ఆ క్షణంలోనే తేలిపోయింది.

ఎత్తు అంత తేలిగ్గా తేలలేదు. ఆరడుగుల ఎత్తులో బల్బు సరిగ్గా కంటికి ఎదురుగా వస్తుంది, గేటు లైటుతో పడ్డ బాధే మళ్ళీ మొదలు. పన్నెండు అడుగులు పెడితే కొమ్మల్లో దూరి ఆకుల్నే వెలిగిస్తుంది, బాటంతా మచ్చలు మచ్చలుగా నీడలు. ఎనిమిది అడుగుల దగ్గర కొమ్మల కింద, తల పైన నిలిచింది. వాట్లు కూడా అంతే. 9 వాట్ల బల్బు దాదాపు 900 ల్యూమెన్ల వెలుగిస్తుంది, అది మా చిన్న బాటకు ఎక్కువైంది. 7 వాట్లు సరిపోయాయి. ఒక దీపం వెలుగు ఎక్కడ సన్నగిల్లుతుందో అక్కడికి రెండో దీపం వెలుగు అందుకునేలా బకెట్లను జరుపుతూ పోతే, స్తంభానికీ స్తంభానికీ మధ్య పదిహేను అడుగులు వచ్చింది.

ఆ మెట్టు దగ్గర మాత్రం ఎన్నిసార్లు జరిపినా అంచు స్పష్టంగా తెలియలేదు. పైనుంచి పడే వెలుగులో పై బండా కింది బండా ఒకే రంగులో కలిసిపోతున్నాయి. శివరాత్రి జాగరం రాత్రి పన్నెండు దాటాక, నిద్ర రాకుండా ఉండాలని నేనూ మా ఆడపడుచూ తోటలోకి వచ్చి చివరి ప్రయత్నం చేశాం. ఒక చిన్న బల్బును మెట్టు పక్కన, నేలకు రెండడుగుల ఎత్తులో, కంటికి తగలకుండా రేకు డబ్బా చాటున పెట్టాం. మెట్టు నీడ కింది బండ మీద నల్లటి గీతలా పడింది. నేను దిగి చూశాను, ఆమె దిగి చూసింది. కళ్ళజోడు తీసేసి కూడా దిగాం. బాటకు నాలుగు స్తంభాలు, మెట్టుకు ఇరువైపులా రెండు పొట్టి స్తంభాలు అని ఆ రాత్రే సున్నంతో నేల మీద గుర్తులు పెట్టేశాం.

రెండోసారి ట్రూప్ బజార్ వెళ్ళినప్పుడు ప్రశ్నలన్నీ మావే. పోత ఇనుము స్తంభం అందంగా ఉంటుంది, బరువుకు మన నేల మీద గట్టిగా నిలబడుతుంది, కానీ రంగు పెచ్చు లేచిన చోటల్లా తుప్పు పడుతుంది. మామూలు ఇనుప గొట్టానికి పౌడర్ కోటింగ్ వేసినవి చవక. వాటికి అడుగున, నేల తడి తగిలే చోట మొదట తుప్పు వస్తుంది. పోత అల్యూమినియానికి ఆ బాధ లేదు. మా బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, తోటలో పైపుతో నీళ్ళు కొట్టినప్పుడు దేని మీద పడినా తెల్లటి చారలు కడుతుంది. అందుకే అల్యూమినియం తీసుకున్నాం, ఒక్కొక్కటి 6,500 రూపాయలు. మూడు కొమ్మలది తీసుకోలేదు. మూడు బల్బులు మూడు వైపులకు వెలుగు చిమ్ముతాయి, మాకు కావాల్సింది ఒక్క వైపే.

ఇక్కడ రెండు సంగతులు ఎవరికైనా ఉపయోగపడతాయని వివరంగా రాస్తున్నాను. మొదటిది ఐపీ అంకె. అమ్మేవారు అన్నింటినీ "వాటర్‌ప్రూఫ్" అంటారు. డబ్బా మీద అంకె చూడాలి. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. ఐపీ 44 అంటే నీటి తుంపరలకు మాత్రమే తట్టుకుంటుంది. ఐపీ 65 అంటే దుమ్ము చొరబడదు, పైపుతో నీళ్ళు కొట్టినా లోపలికి పోదు. హైదరాబాదు వాన ఒక్కోసారి అడ్డంగా కొడుతుంది. 2020 అక్టోబరు వానలు చూసినవారికి తుంపరల లెక్క సరిపోదని తెలుసు. రెండోది బల్బు. లోపలే ఎల్‌ఈడీ అతికించి వచ్చే దీపాలు చూడటానికి నాజూకుగా ఉంటాయి, కానీ అది పోయిందంటే చాలా వాటిలో దీపం మొత్తం పారేయాల్సిందే. మరతో బిగించే మామూలు హోల్డరు ఉన్నది తీసుకుంటే వీధి చివరి దుకాణంలో దొరికే బల్బుతో పదేళ్ళు నడుస్తుంది. అద్దం తెల్లగా పాలరంగులో ఉండేది ఎంచుకున్నాం, లోపలి బల్బు చుక్క కంటికి గుచ్చుకోకుండా.

పునాదుల పని మార్చిలో మొదలైంది. మేస్త్రి ఒక్కో స్తంభానికి అడుగున్నర చదరం, రెండడుగుల లోతు గుంత చెప్పాడు. మొదటి రెండు గుంతలు మొరం నేలలో సాయంత్రానికి అయిపోయాయి. మూడోది పద్నాలుగు అంగుళాలు దిగగానే గడ్డపార ఖంగున మోగింది. హైదరాబాదులో నేల తవ్విన ప్రతి ఒక్కరికీ ఆ చప్పుడు తెలుసు. దక్కను పీఠభూమి గ్రానైటు అది, కోట్ల ఏళ్ళ నాటి రాయి, మా స్తంభం కోసం పక్కకు జరగదు. మేస్త్రి గాబరా పడలేదు. రాతిలో డ్రిల్లుతో నాలుగు రంధ్రాలు వేసి, దుమ్ము ఊది శుభ్రం చేసి, చువ్వలను రాతికి అతికించే మందుతో బిగించి, వాటి మీద కాంక్రీటు దిమ్మ కట్టాడు. నాలుగింటిలో ఇప్పుడు అదే అన్నిటికన్నా గట్టిది.

నాలుగో గుంతలో మామిడి వేరు అడ్డం వచ్చింది, నా మణికట్టంత లావు. కూలీ గొడ్డలి ఎత్తాడు. నేను పరుగెత్తి ఆపాను. ఆ చెట్టు మా అత్తయ్యగారు పెట్టింది. స్తంభాన్ని తొమ్మిది అంగుళాలు పక్కకు జరిపాం, కేబుల్ గొట్టాన్ని వేరు కిందుగా చేత్తో మట్టి తీసి పోనిచ్చాం. సగం పూట ఎక్కువ పట్టింది. జరిపిన తొమ్మిది అంగుళాల వల్ల బాట మీద వెలుగుకు ఏ తేడా రాలేదు.

స్తంభం అడుగు పలకకు నాలుగు రంధ్రాలుంటాయి, కాంక్రీటులోంచి నాలుగు బోల్టులు సరిగ్గా వాటిలోకి రావాలి. కాగితం మీద కొలతను నమ్మకుండా అసలు పలకనే ప్లైవుడ్ ముక్క మీద పెట్టి పెన్సిలుతో రంధ్రాలు గీసుకుని, ఆ చెక్కకు బోల్టులు బిగించి కాంక్రీటులో దించారు. మరలకు గ్రీజు రాసి గుడ్డ చుట్టారు. కేబుల్ వచ్చే గొట్టం వంపు కూడా అప్పుడే మధ్యలో నిలబెట్టాలి, ఒకసారి కాంక్రీటు పడ్డాక దారి ఉండదు. దిమ్మ పైభాగం నేలకు మూడు అంగుళాల ఎత్తులో, నీళ్ళు నిలవకుండా అంచులకు వాలుగా చేశారు. ఏడు రోజులు గోనె సంచులు కప్పి పొద్దునా సాయంత్రం నేనే తడిపాను. నిలబెట్టే రోజు పలక కింద ఒక నట్టు, పైన ఒక నట్టు వేసి, కింది నట్టులను కాస్త కాస్త తిప్పుతూ, దారానికి గుండు కట్టి నాలుగు వైపులా చూసి నిటారుగా నిలిపారు.

కేబుల్ సంగతే ఈ కథలో ముఖ్యమైనది. మూడు కోర్ల, 2.5 చదరపు మిల్లీమీటర్ల ఆర్మర్డ్ రాగి కేబుల్ తీసుకున్నాం. మా కొద్దిపాటి లోడుకు అంత అక్కర్లేదు, కానీ దాని చుట్టూ ఉన్న ఇనుప కవచం పలుగు దెబ్బను ఓర్చుకుంటుంది. రెండడుగుల లోతు కాలువ, అడుగున ఇసుక, ఇసుకలో గొట్టం, గొట్టంలో కేబుల్, పైన మళ్ళీ ఇసుక, ఆపైన వరుసగా ఇటుకలు, ఇటుకల మీద హెచ్చరిక రాసిన ఎర్ర టేపు. రేపు ఎవరైనా తవ్వితే ముందు టేపు, తర్వాత ఇటుక తగలాలి. రాయి అడ్డుపడ్డ చోట లోతు దొరకలేదు. అక్కడ జీఐ గొట్టం, అంటే జింకు పూత ఉన్న ఇనుప గొట్టం వేసి పైన కాంక్రీటు పోశాం. ప్రతి స్తంభానికీ ఎర్తు తీగ, తోట మూలలో వేరుగా ఎర్త్ పిట్. మెయిన్ బోర్డులో తోటకు విడిగా ఎంసీబీ (లోడు మించితే పడిపోయే స్విచ్చి), దానితోపాటు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ. కరెంటు ఎక్కడైనా నేలలోకి కొద్దిగా లీకైనా అది క్షణంలో సరఫరా తెంచేస్తుంది. తడి నేల, లోహపు స్తంభం, చెప్పులు లేకుండా నడిచే పెద్దాయన, స్తంభానికి చెయ్యి ఆనించి నీళ్ళు పెట్టే తోటమాలి. ఇంత చెప్పాక ఆ పరికరం ఎందుకని ఎవరూ అడగరనుకున్నాను.

ఉగాది నాటికి దీపాలు వెలిగాయి. ఫ్లడ్‌లైటు దించేశాం. సూర్యాస్తమయాన్ని బట్టి తానే వేళ మార్చుకునే టైమరు పెట్టాం. మన ఊళ్ళో జూన్‌లో పొద్దు ఆరూ యాభై దాకా ఉంటుంది, నవంబరులో అయిదూ నలభైకే గూకుతుంది. మామూలు టైమరైతే ఏడాదంతా సరిచేస్తూ కూర్చోవాలి. అయిదు గంటల వెలుగుకు నెలకు ఆరు యూనిట్లు కూడా కాలడం లేదు. ఆ పాత ఫ్లడ్‌లైటు ఒక్కటే నెలకు పద్దెనిమిది యూనిట్లు తినేది. మొదటి రాత్రి మామయ్యగారు గేటు దాకా వెళ్ళి, మెట్టు దగ్గర ఆగి, చేతికర్రతో అంచును రెండుసార్లు తట్టి, దిగారు.

జూన్‌లో తొలకరి పడింది. సాయంత్రం ఉసిళ్ళు లేచాయి. పక్క వీధి తెల్ల లైట్ల చుట్టూ గుంపులు గుంపులుగా ముసిరాయి, మా పసుపు దీపాల దగ్గర పలచగానే తిరిగాయి. అది చూసి సంతోషిస్తుండగానే ఎనిమిదింటికి తోటంతా చీకటైంది. ఆర్‌సీసీబీ పడిపోయింది. ఎత్తితే నిమిషంలో మళ్ళీ పడింది. మర్నాడు ఎండ కాశాక బాగానే నిలబడింది. ఆ సాయంత్రం వాన, మళ్ళీ పడిపోయింది. మూడు రోజులు ఇదే వరస.

పని చేసిన ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేశాను. "దాంతో ఇలాగే ఉంటుందమ్మా, అది తీసేసి మామూలు ఎంసీబీ ఒక్కటే ఉంచుతాను, ఇక పడిపోదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అది పడిపోవడమే దాని పని. తోటలో ఎక్కడో నేలలోకి కరెంటు పోతోందని మూడు రాత్రులుగా అది చెబుతుంటే, దాని నోరు మూయిస్తానంటాడు. వానాకాలం వచ్చిందంటే ఈ నగరంలో స్తంభం తాకి ప్రాణం పోయిన మనిషి గురించి పేపర్లో చదువుతూనే ఉంటాం. నేను తోట స్విచ్చి ఆపేసి, మామయ్యగారి చేతికి టార్చి ఇచ్చి, ఇంకో మనిషి కోసం వెతికాను.

వచ్చినాయన అరవై ఏళ్ళ పెద్దమనిషి. సంచిలోంచి మెగ్గర్ తీసి బల్ల మీద పెట్టారు, తీగల పై పొర బాగుందో లేదో కొలిచే పరికరం అది. ముందు అన్ని బల్బులూ విప్పించారు, మెగ్గర్ పంపే 500 వోల్టులకు ఎల్‌ఈడీలు పాడవుతాయని. తర్వాత ఒక్కో స్తంభం దగ్గర తీగలు విడదీసి ముక్క ముక్కగా పరీక్షించారు. తీగ చుట్టూ ఉన్న పొర బాగుంటే ముల్లు పైకి పోతుంది, కనీసం ఒక మెగోమ్ దాటాలి. మొదటి ముక్క దాటింది. రెండో స్తంభానికీ మూడో స్తంభానికీ మధ్య ముల్లు సున్నా దగ్గర అలాగే పడి ఉంది. "ఇక్కడ నేలలో అతుకు ఉందా?" అని అడిగారు. లేదన్నాను. కేబుల్ అంతా నా కళ్ళముందే వేశారు, ఒక్క రెండు రోజులు తప్ప. ఆ రెండు రోజులూ మేము బంధువుల పెళ్ళికి వెళ్ళాం.

తవ్వితే అడుగున్నర లోతులో చిన్న ప్లాస్టిక్ పెట్టె దొరికింది. మూత తీయగానే లోపలంతా బురదనీళ్ళు. ఆ నీళ్ళలో నల్ల టేపు ఒక కొస ఊడి తేలుతోంది. టేపు విప్పితే మెలిపెట్టి కలిపిన రాగి తీగల మీద పచ్చటి చిలుము. ఒకే కేబుల్ పొడవునా వేసుకుంటూ పోయి, ప్రతి స్తంభం దగ్గరా నేలలోనే కోసి, ఒక పాయ పైకి తీసి, టేపు చుట్టి పూడ్చేశారు. అలాంటి పెట్టెలు మూడు బయటపడ్డాయి. మిగిలిన రెండింటిలో ఇంకా నీళ్ళు చేరలేదు, అంతే.

ఆయన పద్ధతి వేరు. కేబుల్ ఒక స్తంభంలోకి పైదాకా వస్తుంది, లోపల టెర్మినల్ పెట్టెలో బిగుస్తుంది, మళ్ళీ అక్కడినుంచి కిందికి దిగి రెండో స్తంభానికి పోతుంది. నేలలో ఎక్కడా అతుకు ఉండదు. ప్రతి స్తంభానికీ నేల నుంచి అడుగున్నర ఎత్తులో చిన్న తలుపు ఉంటుంది, అది అందుకే ఇచ్చారని మాకు అప్పటిదాకా తెలియదు. పెట్టెలోకి కేబుల్ దూరే చోట దాన్ని గట్టిగా పట్టి సందు మూసే గ్లాండు, గొట్టం నోటికి చీమలూ బల్లులూ దూరకుండా మైనం లాంటి ముద్ద. పాత ముక్కలు చాలక పన్నెండు మీటర్ల కేబుల్ అదనంగా పట్టింది. అంతా అయ్యాక మళ్ళీ మెగ్గర్ పెడితే అన్ని ముక్కల్లోనూ ముల్లు 100 మెగోమ్‌లు దాటింది. ఆ రాత్రి జోరున వాన. వరండాలో కుర్చీ వేసుకుని తెల్లవారుజాము దాకా దీపాలు ఆర్పకుండా చూస్తూ కూర్చున్నాను. ఒక్కసారి కూడా పడిపోలేదు. పని అయ్యాక, కేబుల్ ఎక్కడెక్కడ ఎంత లోతులో పోతుందో ఆయన గీసిన కాగితం ఇప్పుడు బోర్డు తలుపు లోపల అతికించి ఉంది. నెలకొకసారి ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి చూస్తాను. మొత్తం ఖర్చు, ఈ రెండో పనితో కలిపి, 80 వేలు దాటింది. తోటలో దీపాలు పెట్టుకునేవారు స్తంభం మీద వెయ్యి తగ్గించుకున్నా పర్వాలేదు, నేలలోకి పోయే దాని మీద తగ్గించుకోకండి. పని జరిగేటప్పుడు దగ్గర ఉండండి, పూడ్చేముందు ఫోటోలు తీసుకోండి.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. కార్తీకంలో ఇంకొకటి బయటపడింది.

మూడో స్తంభం వెనక, ప్రహరీ పక్కన, చామంతి మడి ఉంది. అత్తయ్యగారు వేసింది. ఏటా పిలకలు తీసి మళ్ళీ నాటుతూ అదే మొక్కను ఇరవై ఏళ్ళుగా కాపాడుకొస్తున్నాం. చిన్న పసుపు పూలు, ఘాటైన వాసన. ఆమె పోయాక ఆ పూలు మొదట ఆమె ఫోటోకు పెట్టాకే ఎవరైనా ముట్టుకుంటారు. ఏటా కార్తీక పున్నమికి మొగ్గలు విచ్చుతాయి. ఈసారి నీళ్ళ ట్యాంకు చాటున ఉన్న ఆరు మొక్కలకే మొగ్గలు వచ్చాయి. స్తంభం వైపు ఉన్న రెండు వరుసలూ మోకాలెత్తు పెరిగి, ఆకులతో నిగనిగలాడుతున్నాయి, ఒక్క మొగ్గ లేదు. మామయ్యగారు రోజూ పొద్దున్నే వంగి ఆకుల మధ్య వెతికేవారు. ఏమీ అనేవారు కాదు.

ఎరువు ఎక్కువైందని తోటమాలి అన్నాడు. అన్ని మొక్కలకూ ఒకే ఎరువు వేశాడని నాకు తెలుసు. ట్యాంకు నీడ ఎక్కడిదాకా పడుతుందో అక్కడిదాకానే మొగ్గలున్నాయని ఒక సాయంత్రం దీపాలు వెలిగాక గమనించాను. గీత గీసినట్టు ఉంది. చామంతి పొడవాటి రాత్రులు వస్తేనే మొగ్గ తొడిగే జాతి. పగలు తగ్గి చీకటి పెరిగిందని దానికి తెలియాలి. పూల రైతులు ధర వచ్చేదాకా పూత ఆపాలంటే రాత్రిళ్ళు తోటలో బల్బులు వెలిగిస్తారు, కొద్దిపాటి వెలుగే చాలు. నేను తెలియకుండా సరిగ్గా అదే పని చేశాను. మామయ్యగారి కాళ్ళకు దారి చూపిన దీపమే అత్తయ్యగారి మొక్కలకు ఇంకా వేసవి పోలేదని చెబుతోంది. బాట గురించి అన్ని రాత్రులు ఆలోచించినదాన్ని, చీకటి ఎవరికి కావాలో ఒక్కసారీ ఆలోచించలేదు.

ఆ పెద్ద ఎలక్ట్రీషియన్‌నే పిలిచాను. మూడో స్తంభం దీపం లోపల, ప్రహరీ వైపు సగం, నల్ల రంగు వేసిన రేకు వంచి బిగించారు. అద్దం బయటికి ఏమీ కనబడదు, కానీ వెలుగు బాట మీదికే పడుతుంది. పదకొండు దాకా ఉండే దీపాలను తొమ్మిదిన్నరకు ఆరేలా టైమరు మార్చాం, ఆలోగా మామయ్యగారి నడక అయిపోతుంది. ఆ రాత్రి మడిలో నిలబడి చూస్తే నా చేతి గీతలు కూడా కనబడనంత చీకటి. చాలా రోజుల తర్వాత ఆ మూల పారిజాతం మీద చుక్కలు కనిపించాయి.

మూడు వారాలకు కొసల్లో ఆవగింజంత మొగ్గలు వచ్చాయి. మొదట చూసింది మామయ్యగారే. బాట మీద నుంచి, "అమ్మాయ్, ఇలా రా" అని పిలిచిన గొంతు వంటింటి దాకా వినిపించింది. భోగి నాటికి స్తంభం వైపు రెండు వరుసలూ పసుపు పరిచినట్టు పూశాయి. ఆయన రెండు పూలు కోసి అత్తయ్యగారి ఫోటో దగ్గర పెట్టారు. మిగిలినవి గొబ్బెమ్మలకు సరిపోయి, పక్కింటివారికీ ఇచ్చాం.

మొన్న ఎలక్ట్రీషియన్ బల్బు మార్చడానికి వచ్చి, పూలకాలం అయిపోయింది కదా, రేకు తీసేయమంటారా అని అడిగారు. ఉంచమన్నాను. ఆ వైపు నడిచేవారు ఎవరూ లేరు.